ఆకు అడ్డం

మూఢం పడ్డది.
రెండు నెలలు ముహూర్తాల్లేవు. స్టూడియోల ఫ్లాష్ గొడుగులు
మూలకు గబ్బిలాల లెక్క నిద్రపోతున్నయి.
నర్సంపేట సడక్ మీది షట్టర్‌కు తాళమేసి
పాకాల అడవికి వచ్చిన.

వాగొడ్డున తెల్లని ఏరుమద్ది.
దానికి ఎదురుంగ మోదుగాకుల గుడిసె.
గుడిసె అంటే ఏం లేదు, నాలుగు కర్రలు, ఓ పాత చీర,
నేను, ఈసం ముత్తయ్య, రెండు సీసాల నీళ్లు.
"దగ్గొద్దు, గోక్కోవద్దు" అన్నడు.
దోమలకు ఆ మాట ఎవరు చెప్పాలె?

పైన కొమ్మ చీలిన కాడ కట్టెపుల్లల కుప్ప.
పొద్దటి సంది కదలని తల్లి కొద్దిగ జరిగితే
కింద తెల్లటి దూదుండ.
ఒక్కటే పిల్ల.

పెండ్లిండ్లల్ల నేను గొంతు చించుకుంట:
"అన్నా, గదుమ లేపు! వదినా, ఇటు, ఇటు, జర నవ్వు!"
ఇక్కడ నా నోరు నాకే బరువైంది.

పొద్దు నెత్తి మీదికొచ్చినంక ఈల వినబడ్డది,
మూడు ముక్కల ఈల.
తండ్రి గద్ద వాలింది. ముక్కులకెల్లి పాము తోక
సగం మింగిన తాడు లెక్క ఊగుతున్నది.
తల్లి ఆ తోక పట్టి గుంజింది,
గుంజింది,
బాయిలకెల్లి చేద గుంజినట్టు.

కెమెరా కంట్ల అంతా ఉన్నది.
పసుప్పచ్చ కన్ను, విచ్చుకున్న నల్ల తురాయి, పాము పొలుసులు.
పిల్ల మొహానికి మాత్రం సరిగ్గ అడ్డం
ఒక మద్దాకు, అరచెయ్యంత.
గాలికి తప్పుకుంటదేమో అని చూసిన.
గాలి వాగుల పండుకున్నది.

ముత్తయ్య నా దిక్కు చూడలేదు.
నడుముకున్న కొడవలి మీద చెయ్యి పెట్టి
మళ్ల తీసేసిండు.

పోయినేడు ఇదే వాగు, ఎగువన ఇంకో చెట్టు.
అయిదు వందలిచ్చి కొమ్మ కొట్టించింది నేనే.
ఫొటో అద్దం లెక్క వచ్చింది.
ఇప్పటికీ కౌంటర్ మీద ఉన్నది పటం కట్టి,
దండ ఒక్కటే తక్కువ.
ఆకులు పోయిన తొవ్వల ఎండ వచ్చింది,
ఎండ వచ్చిన తొవ్వల కాకులొచ్చినయి.
మూడో రోజు ముత్తయ్య ఫోన్ చేసి
"సారూ, గూడైతే ఉన్నది" అన్నడు.
అంతే అన్నడు.

జీలకర్ర బెల్లం పెట్టే దాక
ఇద్దరి నడుమ తెర పడతరు కదా.
అయ్యగారు దించుమనే దాక ఎవ్వరు దించరు.
నేనే, స్టూలెక్కి, తెర మీదికెల్లి
ఇరవై ఏండ్ల సంది దొంగచూపు తీస్తున్న.
ఇయ్యాల స్టూలు లేదు.

నొక్కిన.

తల్లి ఉన్నది, పాము ఉన్నది,
పిల్ల జాగల ఆకు ఉన్నది,
ఈనెలు లెక్కపెట్టుకోవచ్చు.
"ఏందన్నా, ఫోకస్ ఆకు మీద పడ్డదా?" అని
ఎవరో ఒకరు అడుగనే అడుగుతరు.
పడ్డదనే చెప్త.

వచ్చే నెల పదకొండుకు మూఢం పోతది.
"అప్పటికి రెక్కలొస్తయా?" అని గుసగుసగ అడిగిన.
ముత్తయ్య వేళ్ల మీద లెక్కపెట్టిండు,
చూపుడు వేలు కాడ ఆగి,
మళ్ల మొదటి సంది లెక్కపెడుతున్నడు.