పీతాంబరం

రాత్రి పదకొండుకి మొదలెడతాను.
చెరువుగట్టు మీద తాటాకు కొట్టం, ఒక ఫోను,
ఒక చెవికే వినపడే ఇయర్‌ఫోను.
వెనకాల ఏరేటర్లు తెల్లారేదాకా నీళ్ళని చిలుకుతుంటాయి.
మొహం చూపించను. మేత సంచుల మధ్య
చూపించేంత మొహం కాదు నాది.

ఆటలో చచ్చిన ప్రతిసారీ నోటికొచ్చేది ఒకటే మాట,
మా నాయనమ్మది:
"సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి."
నలభైమంది చూసేవారు. నవ్వేవారు.
సీతనొదిలేసి పీతని పట్టుకున్నారు.

మొదటి గీత తణుకులో నర్సింగు చదివే ఏసుమణిది.
మందుల చీటీ వెనక, బాల్‌పెన్నుతో.
ఒక డెక్క పెద్దది, ఒకటి చిన్నది,
కళ్ళు రెండూ పుల్లల మీద.
"ఇది నువ్వే అన్నా" అంది.
కాదన్నాను.
కాదన్న గొంతు కూడా పీతలాగే ఉందన్నారు.

రంగేసింది మస్కట్లో ఎవరింట్లోనో వంటచేసే నూకరత్నం గారు.
పసుపు కండువా వేస్తే పార్టీ అంటారని
నెత్తి మీంచి పసుపు దుప్పటి కప్పారు.
పేరెవరు పెట్టారో ఇప్పటికీ తగువే.
పాలకొల్లు హాస్టలు కుర్రాడు తనంటాడు,
కోటిపల్లి రేవులో పంటు మీద టిక్కెట్లు చింపే ధనకోటి
ఆయ్, నేనేనండి అంటాడు.
పీతాంబరం.
పేరు పెట్టాక ఇంక అది బొమ్మ కాదు.

దానికి ఉప్పుటేరు ఒడ్డున బొరియ కట్టించారు.
పెసరట్టంటే పడదని తేల్చారు.
తలుపు ఎదురుగా ఉన్నా
అడ్డంగా నడిచి గోడకే కొట్టుకుంటుందట.
నన్నడిగిందెవరు?
వాళ్ళలో వాళ్ళే కొట్లాడుకుని, ఓట్లేసుకుని,
నాకు లేని ధైర్యం కూడా దానికి అంటగట్టారు.
ఓ రాత్రి ఎవడినో బూతు తిట్టబోయి ఆగిపోయాను.
పీతాంబరం అలా మాట్లాడదు.

జూలైలో తెల్లమచ్చ వచ్చింది.
రొయ్య గట్టువారకొచ్చి నిలబడిందంటే
ఎవరినీ అడగక్కర్లేదు.
మూడు చెరువులు. కౌలు, మేత బాకీ, డీజిలు బాకీ.
ఏరేటర్లు కట్టేసి
ఎనిమిది రాత్రులు ఫోను బోర్లించి పడుకున్నాను.

అక్కడ వాళ్ళు పెట్టుకున్న రూలు నాకు తెలీదు:
నేను రాని ప్రతి రాత్రీ
పీతాంబరానికి ఒక కాలు రాలాలి.
ఏసుమణి రోజుకొకటి చెరిపింది.
తొమ్మిదో రోజు తెరిచేసరికి
రెండు డెక్కల మీద నిలబడి ఉంది,
దుప్పటి నేలకి జీరాడుతోంది.
కింద నూకరత్నం గారు:
"కుబుసం విడిస్తే మళ్ళీ మొలుస్తాయిలే బాబూ.
పీతకి అలవాటే."

ఆట మొదలెట్టాను. చెరువు సంగతి ఎత్తలేదు.
టవరు పోయిందన్నాను, కరెంటు లేదన్నాను.
కొట్టంలో బల్లి పలకలేదు.
కాసేపటికి ధనకోటి రాశాడు:
"అన్నా, వెనకాల ఆ చప్పుడేదీ?"
తరవాత ఎవరూ ఏమీ రాయలేదు.
ఈ నీళ్ళ మధ్య పుట్టినోడికి
అర్ధరాత్రి చెరువు ఊరుకుంటే దానర్థం
విప్పి చెప్పక్కర్లేదు.

రెండ్రోజులకి కొత్త బొమ్మ వచ్చింది.
ఆరు కాళ్ళు వచ్చేశాయి, రెండు ఇంకా మొలకలు.
నోట్లో నురగ. తాకితే చప్పుడు చేస్తుంది.
నా పాత రాత్రుల్లోంచి ఎవరో
నా గొంతు తీసేసి,
నా అరుపులు, నా ఓటములు, నాయనమ్మ సామెత తీసేసి,
ఏరేటరు ఒక్కటీ కోసుకొచ్చి
దాని నోట్లో పెట్టారు.

ఇప్పుడు మలికిపురంలో మేత కొట్లో మూటలు మోస్తున్నాను.
గది అద్దెది. కిటికీలోంచి గోడ కనిపిస్తుంది.
పదకొండుకి మొదలెట్టే ముందు
దాన్ని ఒకసారి తాకుతాను.
ఎక్కడా లేని చెరువులో నీళ్ళు తిరుగుతాయి.
మధ్యలో ఆపడమెలాగో ఎవరూ చెప్పలేదు.
అయిపోయేదాకా ఆగుతాను.