కేటలాగులో ఏడు లేదు

ఆరు తరవాత ఎనిమిది.
అచ్చుతప్పు కాదు.
ఈ మాట ఎంతమందికి చెప్పానో,
బెల్జియం నుంచి రాసినాయనకి, ఒసాకా పిల్లకి,
మొన్న వ్యాన్ అద్దెకు తీసుకుని మరీ వచ్చిన కుర్రాడికి.

మొదటి రికార్డు
మా తమ్ముడి ఉద్యోగం పోయిన డబ్బుతో వచ్చింది.
ఈరీలో, రైలింజన్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర
చేతిలో చెక్కు పెట్టి, భుజం తట్టి పంపేశారు.
అమ్మ ఇంటికప్పు బాగుచేయిద్దామంది.
థాడ్ మూడువందల రికార్డులు వేయించాడు.
ఎనిమిది పాటలు, తొమ్మిది నిమిషాలు.
కప్పు మాత్రం ఇంకో ఆరేళ్లు కారింది.

పాట అనకండి దాన్ని.
ఇనప మెట్ల మీంచి బీరువా దొర్లినట్టుండేది.
ఆ బీరువాలో మేమంతా ఉండేవాళ్లం.

వాడికి గొప్ప దూరదృష్టి అని ఇప్పుడు పుస్తకాల్లో రాస్తున్నారు.
నవ్వొస్తుంది.
అట్టలు మడిచింది నేను.
అమ్మమ్మ పియెరోగీలు ఒత్తే బల్లకి
ఒక చివర ఆవిడ పిండి, ఇంకో చివర నా జిగురు.
ఇవాళ వేలంపాటల్లో
అసలు ముద్రణ ఏదో తేల్చుకోడానికి
మడత విప్పి పిండి కోసం వెతుకుతారట.
ఆవిడకి ముందే తెలిస్తే
ఇంకో గుప్పెడు చల్లేది.

డబ్బు? వస్తే వచ్చేది, లేకపోతే ఉత్తరం వచ్చేది.
స్టాంపుల మీద సబ్బు పూసి పంపేవాళ్లు,
ముద్ర కడిగి తిప్పి పంపితే మళ్లీ అంటించుకోవచ్చని.
మా వంటింటి సింకులో
ఏయే దేశాల రాజులో
ముఖాలు తేటబడేదాకా నానేవారు.

ఏడు సంగతి.
లియో హైదుక్ డ్రమ్ములు కొట్టేవాడు.
మా నేలమాళిగలో, కొలిమి పక్కన, ఫిబ్రవరిలో
ఒక్క రాత్రిలో రికార్డు చేశారు.
ఒక్కటే టేపు. అట్టలు అప్పటికే అచ్చయ్యాయి.
పదకొండో రోజున
చేపలు పట్టడానికి సరస్సు మీదికెళ్లాడు.
మంచు ఆగలేదు.

వాళ్లమ్మ లుడ్మిలా
ఆస్పత్రి లాండ్రీ కోటు విప్పకుండానే వచ్చింది.
"నాకీ పాటలు అర్థం కావు.
ఇందులో వాడి గొంతు ఎక్కడైనా ఉందా?"
థాడ్ టేపు తిప్పాడు.
మూడో పాట మొదట్లో, కర్రలు రెండూ కొడుతూ
వన్ టూ త్రీ ఫోర్.
అంతే. నాలుగు అంకెలు.
ఆవిడ కుర్చీ అంచున కూర్చుని
ఇంకోసారి అంది. ఇంకోసారి.
కొలిమి ఆరిపోయినా ఎవరం లేవలేదు.

టేపు ఇచ్చేశాడు.
నకలు తీసుకోలేదు. ఎందుకురా అని నేనే తిట్టాను.
ఆ అట్టలు రెండు శీతాకాలాలు పొయ్యి రాజేయడానికి పనికొచ్చాయి.

తరవాతది అందరికీ తెలిసిందే.
పదిహేను రికార్డులు, ఒక కోర్టు నోటీసు,
న్యూయార్క్ నుంచి సూట్లు వేసుకుని వచ్చిన ఇద్దరు
మా అమ్మ పెట్టిన సూపు తాగి, సంతకం లేకుండా వెళ్లడం.
ఇప్పుడు థాడ్ బాయిలర్లు రిపేరు చేస్తాడు.
ఏ చెవీ సరిగా వినపడదు.

వ్యాన్ కుర్రాడు బల్ల మీద డబ్బు పరిచాడు.
నేను లెక్కపెట్టలేదు.
ఆదివారం ఉండు, అన్నాను.
ప్రార్థన అయ్యాక హైదుక్ వాళ్ల వీధిలో బండి ఆపుకో.
చేతిలో ఆ మిషను మాత్రం ఆపేసెయ్.

ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆవిడ కిటికీలు తెరిచి పెడుతుంది.
వాన్నీ, మంచునీ లెక్కచెయ్యదు.
ప్రపంచమంతా వెతికే రికార్డు
ఆ వీధి ముసలాళ్లందరికీ నోటికొచ్చు.
టేపు అరిగిపోయింది, మూడో అంకె చెరిగిపోయింది.
వన్, టూ, ఆ తరవాత గాలి, ఫోర్.

ఆ గాలి దగ్గర
పార పట్టుకుని గుమ్మం ముందు మంచు తోస్తున్న
ఎదురింటి మాజీ పోస్ట్‌మాన్
తలెత్తకుండా
"త్రీ" అంటాడు.