కోప్‌లోపర్

డచ్చివాళ్ళ మాట. మా ఫ్రీస్‌లాండులోనూ అదే వాడతాం.
కోప్ అంటే తల. లోపర్ అంటే నడిచేవాడు.
కలిపితే, పోటీలో అందరికన్నా ముందున్నవాడు.
తలతో నడవడమేమిటని చిన్నప్పుడు నవ్వేవాణ్ణి.

ఈ పొద్దున పేపర్లో మళ్ళీ కనిపించింది:
చెత్త వేరుచేయడంలో మన జిల్లాయే కోప్‌లోపర్ అట.
నిన్న ఎవరో నాయకురాలు, సర్వేల్లో కోప్‌లోపర్.
డ్రైవరును నెత్తిన కూర్చోబెట్టుకుని పోయే
ఆ పసుపుపచ్చ రైలుక్కూడా అదే పేరు.
ఎవరికి పడితే వాళ్ళకి తొడిగేస్తున్నారు,
పెళ్ళికి అద్దెకు తెచ్చిన కోటులా.

నాకు మాత్రం ఆ మాట ఒక వీపు.
నీలం ఉన్ని స్వెట్టరు,
ఎడమ భుజం కింద అరచేతంత రఫ్ఫు.
నీలం దారం చాలక
వాళ్ళక్క బూడిదరంగుతో కుట్టింది.
మూడు గంటలు నేను చూసింది అదొక్కటే.

గడ్డకట్టిన కాలవ. ఎదురుగాలి.
ముందు వీట్సె, వెనక నేను.
గాలిని వాడు చీలుస్తున్నాడు,
చీలిన చోట నేను దూరుతున్నాను.
వాడి కనుబొమ్మల మీద మంచు పేరుకుంటుంటే
నా చెవులు వెచ్చగా ఉన్నాయి.
వంతెనల మీద జనం కేకలు:
కోప్‌లోపర్ వస్తున్నాడు, తప్పుకోండి!
నన్నెవరూ ఏమనీ పిలవలేదు.

రెండుసార్లు పక్కకు జరిగి చెయ్యి ఊపాడు,
ఇక నువ్వు రా అని.
చూడనట్టే తల దించుకున్నాను.
కాదు, నిజం చెప్తాను. మూడుసార్లు.

ఆఖరి గాలిమర దాటాక
గీతకు రెండొందల మీటర్లుండగా
ఆ వీపు చాటునుంచి బయటికొచ్చాను.

దండ నా మెడలో.
బఠాణీ చారు పోసి ఇస్తే
వాడి వేళ్ళకి చెంచా పట్టు దొరకలేదు.
"గాలి బాగా కొట్టింది కదూ, హైల్కె" అన్నాడు.
అంతే.

గెలిచినవాడికి ఆ మాట వాడరు.
గీత దాటగానే అది చెల్లదు,
తెల్లారిన నాటకం టిక్కెట్టులా.
వర్తమానకాలంలో తప్ప బతకని మాట.
ముప్ఫై తొమ్మిదేళ్ళుగా నేను విజేతని;
కోప్‌లోపర్‌ని మాత్రం
రెండొందల మీటర్లు.

మొన్న కట్ట మీద సైకిళ్ళతో ఇద్దరం.
సముద్రం వైపునుంచి గాలి మొదలైంది.
నేను ముందుకు జరిగాను.
"ఏమిట్రా ఈ కొత్త బుద్ధి" వెనకనించి నవ్వాడు.
వినపడనట్టే తొక్కాను.

ఎంతసేపని?
వాడిది బ్యాటరీ సైకిలు.
రయ్యిమని దాటిపోయాడు.
మళ్ళీ నా ఎదుట ఆ వీపే.
స్వెట్టరు మాత్రం కొత్తది.