సరితూకం

బాదేపల్లి యార్డుల అర్ధరాత్రి దాటింది.
పల్లికాయ బస్తాల మీద పండుకొని ఫోను చూస్తున్న.
అమెరికా బాస్కెట్‌బాల్.
ఇంకో అరగంటల మార్పిడికి గడువు తీరుతది,
ఏ ఆటగాడు ఏ ఊరికో తేలాలె.

"ఏందిరా అది?" బీడీ ఆర్పిండు కుర్మయ్య.

జీతాలకు ఒక కట్ట ఉంటది కాకా.
కట్ట దాటి పొర్లిన టీము
ఎంత జీతం లోపలికి తెచ్చుకుంటదో
దాదాపు అంత జీతం బయటికి పంపాలె.
మంచోడొకడు కావాల్నంటే
ఇటు ముగ్గురినేసి కాంటా సరిచెయ్యాలె.
ఆ ముగ్గుర్ల ఒకడు ఆడనే ఆడడు.
మోకాలు పోయింది.
వాడు ఒట్టి పడికట్టు రాయి.

కుర్మయ్య నవ్వలే.
"వాన్ని అడుగుతరా?"
"శానామందిని అడగరు."
"అడ్వాన్సు ముట్టినోన్ని ఎవలడుగుతరు."

పుణె దిక్కు కాలువ పని, మేస్త్రీ చిట్టీ,
ఒక గుంపుల నుంచి ఇంకో గుంపుల పడేసిన రాత్రి లారీ,
అవేవీ చెప్పలే.
వీపు గోక్కున్నడు.

"వాళ్లవి కోట్లు కాకా."
"కోట్లే. గని పిల్లల బడి నడిమిట్ల ఉంటది గదా."

ఇంకొకటుంది, అన్న.
ఊరికే ఇచ్చేసినోని జీతమంత జాగ
ఏడాది ఖాళీగ నిలుస్తది.
ఆలోపు వాడుకోకుంటే పాయె.

యార్డు ఆ చివరకు చూసిండు.
నడుం పోయి ఇంటికి చేరిన లింగమయ్య కొంకి
ఇంకా మేకుకు వేలాడుతున్నది.
"ఏడాదా?
మనకాడ తెల్లారే నింపిన్రు."

ఫోను మోగింది. అయిపోయింది మార్పిడి.
పేర్లు చదవబోతే చెయ్యి అడ్డం పెట్టి,
"మోకాలోడు యాడికి పోయిండు?
అదొక్కటి చెప్పు" అన్నడు.