బండి కింద చూడు

హెవీ లైసెన్సు చేతికొచ్చిన రోజు
అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.
కోల్డ్ స్టోరేజీలో ఏడాదిపాటు తొడిమలు తీసిన డబ్బు
అరచేతిలో ఇమిడే కార్డయింది.
కార్డుకి మంట అంటుకుంటుందేమోనని
కొంగుతో పట్టుకుంది.
"ఇక బండెక్కడమేగా" అంది.
ఎవరి బండి అని అడగలేదు.

గుంటూరులో తొలి బస్సు పట్టుకుని
బెంజి సర్కిల్లో దిగి
ఆటోనగర్ దాకా నడిచాను.
గ్రీజు, వెల్డింగు పొగ, తడి పెయింటు.
క్యాబిన్లు ముందుకి వంచుకుని లారీలు
తలంటు పోయించుకునే పిల్లల్లా ఉన్నాయి.

మొదటి ఆఫీసులో ఏసీ.
గోడ మీద దేశం పటం, పటం నిండా ఎర్ర గుండుసూదులు.
"ట్రైనింగు ఫ్రీ. తర్వాత నెలకి ఇరవై రెండు"
అన్నాడు టై కట్టుకున్న కుర్రాడు.
ఫ్రీ కింద రెండేళ్ల బాండు,
ఒరిజినల్ లైసెన్సు వాళ్ల బీరువాలో,
మధ్యలో మానేస్తే అరవై వేలు.
కాగితం చివర అక్షరాలు చీమలంత.
చదివేకొద్దీ కుట్టాయి.
పెన్ను ఇస్తారా అనబోయి
మంచినీళ్లు ఇస్తారా అన్నాను.

ఇంకోచోట అసలు ఆఫీసే లేదు.
పాత టైరు మీద తువ్వాలు, తువ్వాలు మీద ఓనరు.
"ట్రైనింగేంట్రా, గేదెదూడకి ఈత ఎవరు నేర్పుతారు?
టిక్కీలు లోడయ్యాయి. నాగపూర్. ఈ రాత్రికే ఎక్కు."
నిద్రొస్తేనో అన్నాను.
"కళ్లలో ఏం పెట్టుకోవాలో లోడులోనే ఉందిగా"
అని తనే నవ్వాడు.
ఏ ఊరు, ఎవరబ్బాయివి, మీరేవిట్లు, అన్నీ అడిగాడు.
రివర్సు వచ్చా అని మాత్రం అడగలేదు.

మధ్యాహ్నానికి తెలిసొచ్చింది:
ఓనర్లని అడిగితే బండ్లు మెరుస్తాయి,
క్లీనర్లని అడిగితే దగ్గుతాయి.
కాటా పక్కన సువార్తమ్మ టీ బల్ల మీద కూచుని
దిగేవాళ్లని చూస్తూ ఉండిపోయాను.
ఒకడు దిగీ దిగకుండానే ఫోనులో అరిచాడు,
వాడి బత్తా ఎనిమిది రోజులుగా రేపే.
ఒకడు దిగలేక మెట్టు మీదే చతికిలబడ్డాడు.
ఒకాయన మాత్రం దిగి, చెప్పులు తొడుక్కుని,
బండి చుట్టూ తిరిగి
ప్రతి చక్రాన్నీ అరచేత్తో తట్టి
అప్పుడు టీ అడిగాడు.

పేరు నాగుల్‌మీరా. వాళ్లకి ఆరే బండ్లు.
"నేర్పుతాం. మూడు నెలలు స్టీరింగు ముట్టకూడదు.
పట్టా కట్టడం, తాడు బిగించడం, జాకీ, గాలి,
నేను వెనక్కి తీస్తుంటే కేక వెయ్యడం.
తొమ్మిది వేలు. తిండి నాతోనే."
చిరాకేసింది.
లేచి పోదామనుకుని కూడా
పొద్దుట్నుంచీ అందర్నీ అడుగుతున్న ముక్క అడిగాను,
ఎప్పుడైనా ఎవరికైనా తగిలించారా అని.
ఏసీ గదిలో దానికి షీల్డు చూపించారు.
టైరు మీదాయన "నీ నోరు మంచిది కాదురా" అన్నాడు.

నాగుల్‌మీరా గ్లాసు కింద పెట్టాడు.
"ఒకసారి. బొప్పూడి దగ్గర. సైకిలు.
నిద్ర కాదు. తాగలేదు.
అద్దం తుడుచుకోలేదు, అంతే.
బతికాడు. కాలు పోయింది.
శింగయ్య అని, కిళ్లీ కొట్టు పెట్టుకున్నాడు.
అటు పోతే ఆగుతా.
నాతో మాట్లాడడు.
చిల్లర ఇస్తాడు."

అమ్మకి ఫోను చేశాను.
పెద్ద కంపెనీయేనా అంది.
ఆరు బండ్లన్నాను.
జీతం అంది.
ఎవడో హారన్ కొట్టాడు,
వినపడనట్టు ఊరుకున్నాను.

తెల్లారకముందే పిలిచాడు.
తాళం ఇస్తాడని చెయ్యి చాపితే
తడిగుడ్డ పెట్టాడు.
రెండు అద్దాలూ తుడిచాను.
"ఇప్పుడు వంగు. బండి కింద చూడు."
వెనక చక్రాన్ని ఆనుకుని ఓ ఊరకుక్క,
దాని పొట్టకి నాలుగు పిల్లలు.
వారధి వైపు నుంచి చల్లగా ఏటిగాలి.
ఆయన బీడీ వెలిగించి
క్యాబిన్ మెట్టు మీద కూచున్నాడు.
"ఆరింటికి కదా లోడింగు,
ఆరూ పావవుద్ది" అన్నాడు.