మోసే నూనె

బెండిగోలో మార్చి ఆఖరు, ఎండ ఇంకా దిగలేదు.
చర్చి వెనకాల పాత సామాన్ల కొట్లో
నాలుగు డాలర్లకి కొన్నాను ఈ చెక్కపెట్టె.
లోపల ఎనిమిది సీసాలు, ఒక్కోటీ బొటనవేలంత.
అడుగున మడతపెట్టిన అచ్చు కాగితం:
కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి.
నన్ను చూసే రాసినట్టుంది.
ఈ ఊళ్ళో నేను అన్నిటికీ కొత్తే,
చెత్తడబ్బా మూతల రంగులతో సహా.

పెట్టె మూత వెనక పేరు, మెర్ల్ ట్రెవాస్కిస్.
కాగితం అంచుల నిండా ఆవిడ పెన్సిల్.

బకెట్ నీళ్ళలో నిమ్మ నాలుగు చుక్కలంటుంది అచ్చు.
రెండు చాలు, అంటుంది మెర్ల్, నేల జారి నడుం పట్టేసింది.
చీమలకి పుదీనా అంటుంది అచ్చు.
చీమలు నవ్వుకుంటాయి, అంటుంది మెర్ల్.
నేనూ గడప మీద గీత గీసి చూశాను.
కాసేపు ఆగాయి, మర్యాదకి కాబోలు.
తర్వాత గోడెక్కి చుట్టూ తిరిగొచ్చాయి.
చక్కెర డబ్బా దారి వాటికి నాకంటే బాగా తెలుసు.

చదవకుండానే మొదలుపెట్టాను, అదీ నా తప్పు.
కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసొచ్చి
చేతుల వాసన వదలక
దాల్చినచెక్క నూనె నేరుగా పులుముకున్నాను.
మణికట్టు మీద ఎవరో కారం నూరుతున్నట్టు.
కడిగితే ఇంకా రాజుకుంది.
అప్పుడు వెతికాను కాగితం, ఎడంచేత్తో:
ఏ సారాన్నీ ఒంటికి ఒంటరిగా తాకించకూడదు,
మోసే నూనె ఒకటి కావాలి.
బాదం ఖరీదు, అని మెర్ల్. ఇంట్లో ఏదుంటే అది.
ఇంట్లో ఉన్నది ఆవకాయ కోసం తెచ్చిన నువ్వుల నూనె.
దోసిట్లో ఒంపుకున్నాను.
మంట మెట్టుమెట్టుగా దిగింది,
అలిగిన మనిషి అన్నానికి దిగొచ్చినట్టు.

ఐదో సీసా మూత తియ్యగానే గుర్తుపట్టాను.
మా కొత్తగూడెం వైపు
సీసాలో ఉంటే నీలగిరి తైలం,
తోటలో ఉంటే జామాయిల్.
పేపరు మిల్లు లారీలు మోసుకుపోయే ఆ వాసనకి
రెండు పేర్లు పెట్టి ఇంట్లో మనిషిని చేసుకున్నాం.
ఇప్పుడు చూస్తే
నా పెరటి కంచె అవతలే నిలబడి ఉంది,
బెరడు ఒలుచుకుంటూ, పుట్టింట్లో ఉన్నంత తీరిగ్గా.
నాకు ఇక్కడ ఉన్నది ఒక్క పేరే.
దాన్ని ఫ్యాక్టరీలో మూడు రకాలుగా పలుకుతారు.

పిల్లి తిరిగే గదిలో వాడొద్దని ఒకచోట అచ్చు.
పక్కన మెర్ల్, గట్టిగా ఒత్తి: సూటీ!
ఆ పేరు మీద తర్వాతెప్పుడో గీసిన అడ్డగీత,
వణుకుతూ, కాగితం చివరిదాకా.

సీసాలన్నీ వరసగా కిటికీ వెలుతురుకి పట్టాను.
పుదీనా భుజాల దాకా. నారింజ సగం.
టీ ట్రీ సీలు కూడా తియ్యలేదు.
లావెండర్ ఒక్కటే ఖాళీ,
అద్దం లోపల తడి కూడా లేదు.
దిండు మూల ఒక్క చుక్క, అంటుంది అచ్చు.
ఆ మాట పక్కన మెర్ల్ ఏమీ రాయలేదు.
కాగితం మాత్రం అక్కడే నలిగి పలచబడింది.

జూలై వచ్చింది. కారు అద్దం మీద మంచు గీరి
పొద్దున్న ఏడింటికి ఇల్లు చేరేసరికి
ఒళ్ళు పడుకుంటుంది, కళ్ళు పడుకోవు.
పట్టపగలు కర్టెన్లు మూసిన గదిలో
పక్కింటి రేడియో, కసాయి ట్రే చప్పుడు చెవిలో.
మందుల షాపులో కొత్త లావెండర్ కొన్నాను,
పెట్టె ఖరీదుకి మూడింతలు.
దిండు మూల ఒక్క చుక్క వేసి,
లేచాక
పెన్సిల్ చెక్కి
మెర్ల్ వదిలేసిన ఖాళీలో తెలుగులో రాశాను:

నిద్ర పట్టింది. నాలుగు గంటలు.