కాకి బొమ్మ

తంబుచెట్టి వీధి వెనక సందులో మేడ మీద గది.
ఫ్యాను తిరుగుతుంది, గాలి రాదు.
ఏకాంబరం గారు అట్టముక్క మీద గీసిచ్చిన కాకిని
స్కాన్ చేసి, ఫోల్డర్లో పెట్టి
ఒక్క వరుస రాశాను:
ఈ బొమ్మను తెచ్చుకో.

తేలేదు. అలాంటి ఫైలే లేదంది.
తెర మీద కాకి ఉండాల్సిన చోట
ముదురు గులాబీ చదరం,
పెళ్లికూతురు ఇంకా రాని పీటలా.
పేరు కూడబలుక్కుని చదివాను.
స్కానర్ పెట్టింది పెద్దక్షరం, నేను రాసింది చిన్నక్షరం.
రేషన్ కార్డులో ఇంటిపేరు తప్పు పడితే
నువ్వు నువ్వు కాదన్న గుమాస్తా గుర్తొచ్చాడు.

దిద్దాక వచ్చింది,
తలకిందులుగా.
బొమ్మ తన వరుసలు పైనుంచి చెప్పుకొస్తుంది,
నా లైబ్రరీ అడుగునుంచి లెక్కపెడుతుంది.
కరెంటు తీగకు కొట్టుకుని వేలాడుతున్నట్టుంది కాకి.
బయట పిట్టగోడ మీదివాళ్లు చూస్తే
ఊరంతా పోగై గోల చేస్తారని
కిటికీ మూశాను.

సాయంత్రం చెంబులో టీ పట్టుకుని
మెట్లెక్కి వచ్చాడు ఆయన.
నలభై ఏళ్లు కొట్ల బోర్డులు రాసిన చెయ్యి,
ఫ్లెక్సీలొచ్చాక జేబులో ఉంటుంది.
నిటారుగా నిలబెట్టిన కాకిని చూసి
"ఏందమ్మా, దానికి పంచె కట్టినావు?"

చుట్టూ తెల్లటి చదరం. అట్ట రంగు.
చెప్పాను: ఒక్కో చుక్కకు నాలుగంకెలు,
ఎరుపు, ఆకుపచ్చ, నీలం,
నాలుగోది, అసలు ఉందా లేదా అని.
నవ్వాడు.
"ఆ నాలుగోదానికే మాకు కూలి పడేది కాదు.
అడుగుల్లెక్కన కొలిచి
ఖాళీ చోటుకు దుడ్లు కోసేవాళ్లు సేట్లు.
వదలడం ఎంత కష్టమో
వాళ్లకేం తెలుసు."

తెలుపు ఉన్నచోటల్లా సున్నా పెట్టాను.
పంచె పోయింది. రెక్కల అంచున
సన్నటి తెల్లగీత మాత్రం మిగిలింది.
అది నా లెక్కలో తప్పు.
"ఉండనీ, ఎండలో కాకి అట్లే ఉంటాది" అన్నాడు.
ఉంచేశాను.

మీట నొక్కితే
తెర ఈ చివర్నుంచి ఆ చివరికి ఎగిరింది.
టీ చల్లారేదాకా ఎగిరించాడు.
తర్వాత అడిగాడు, "అట్ట ఏది?
ఇట్లా ఇయ్యి. వెనకపక్క ఇంకోటి గీస్తా.
ఒక్కటే పోతావుంటే అది కాకెట్లా అవుతాది?"

ఒకసారి తెచ్చుకున్న బొమ్మనే
వందసార్లు ఎగరేయొచ్చని
చెప్పబోయి,
సొరుగులోంచి అట్ట తీసిచ్చాను.